కింది వరస, ఎడమ నుంచి మూడోది

నేను కార్ల సీట్లకి కవర్లు కుడతాను. నాకు ముక్కుమీద కోపం అంటారు. నిజమే, దాచుకునేదేం లేదు. రోజంతా మందపాటి రెక్సిన్ మీద మిషను తొక్కి చూడండి, మీకూ వస్తుంది. నా షాపుకీ పక్క షాపుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఆ గోడకి అవతల కార్ల కరెంటు పని చేసే ఆయన్ని వీధిలో అందరూ ఫ్యూజుల బాబాయ్ అంటారు. నేను ఉత్త బాబాయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. పద్నాలుగేళ్ళు ఒకే రేకుకి అటొకరూ ఇటొకరూ ఉంటే అదే కలిసిపోతుంది.

బాబాయ్‌కి పెళ్ళి కాలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయట, కుదరలేదట, ఆ తర్వాత అడిగేవాళ్ళు కూడా మానేశారట. షాపు వెనకే ఒక గది. ఆ గదిలో ఉన్నవన్నీ పాత కార్ల సామానే. పైన వెలిగేది ఏదో కారు కప్పుకుండే చిన్న దీపం. గాలికి ఒక కారు ఏసీ లోంచి తీసిన బ్లోయర్. పాటలకి డాష్‌బోర్డులోంచి ఊడదీసిన రేడియో. అన్నిటికీ కలిపి మంచం కింద ఒక బ్యాటరీ. ఒక కంచం, ఒక గ్లాసు. ఎవరైనా మంచినీళ్ళు అడిగితే ఆ గ్లాసు కడిగి ఇస్తాడు, వాళ్ళు తాగేదాకా నిలబడి మళ్ళీ కడుక్కుని పెట్టుకుంటాడు. ఒంటికాయ సొంటికొమ్ము అంటారే, అచ్చం అలాంటి మనిషి.

పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. కొత్త బళ్ళకి కంప్యూటరు తగిలించి చూసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. పాత పెద్ద బళ్ళు, ఎనిమిది మంది ఎక్కే ఎస్‌యూవీలు, వాటి సంగతి వచ్చేసరికి అందరూ బాబాయ్ వైపే వేలు చూపిస్తారు. వాటికి ఫ్యూజుల పెట్టెలు రెండుంటాయి. ఒకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన, ఇంకొకటి స్టీరింగు కింద మోకాళ్ళకి తగిలే చోట. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపల అచ్చు వేసి ఉంటుంది గానీ, ఇరవై ఏళ్ళ వేడికి ఆ అక్షరాలు ఎప్పుడో ఎగిరిపోయి ఉంటాయి. బాబాయ్ ఒక్కో బండికీ అట్టముక్క మీద పెన్సిలుతో పటం గీసి పెట్టుకున్నాడు. గోడకి మేకు కొట్టి ఆ అట్టలన్నీ గుచ్చి ఉంచాడు.

నాకు పని లేని రోజు వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. చెప్పేవాడు.

"ఫ్యూజు పోయిందంటే దాని తప్పేం లేదమ్మాయ్. అది పోవడానికే ఉంది. అది పోకపోతే వైరు కాలుతుంది. ఎందుకు పోయిందో చూడాలి గానీ దాన్ని తిట్టకూడదు."

"మరి ఈ నల్ల డబ్బాలు?"

"రిలేలు. నువ్వు నొక్కే స్విచ్చికి పెద్ద కరెంటు మోసే బలం లేదు. అందుకని చిన్న కరెంటు పోయి దీన్ని తడుతుంది. ఇది తలుపు తీసి పెద్ద కరెంటుని పంపుతుంది. ఇదిగో, వేలు పెట్టు."

వేలు పెడితే లోపల టిక్ మంది. చిన్న పురుగు కదిలినట్టు. ఆ టిక్ వినపడితే సగం పని తెలిసిపోయినట్టే అనేవాడు. ఏదైనా రిలే మీద అనుమానం వస్తే హారన్ రిలే పీకి దాని చోట పెట్టి చూసేవాడు, చాలా బళ్ళలో రెండూ ఒకే రకం కాబట్టి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకు బాగా పనికొచ్చింది.

బాబాయ్‌కి ఒక్కడే అన్న. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. మాస్టారికి అలాంటి పాత ఎస్‌యూవీ ఒకటుండేది. ఇద్దరికి అంత బండి ఎందుకంటే, మాస్టారి భార్యకి మోకాలు వంగదు. ముందు సీట్లో కూర్చోలేక, వెనక సీట్లో కాలు చాపుకుని, మోకాలి కింద దిండు పెట్టుకుని కూర్చునేది. ఆవిడకి ఉక్క అస్సలు పడదు. అందుకని వెనకవాళ్ళకి విడిగా బ్లోయరున్న బండి వెతికి మరీ కొన్నాడట. ఆవిడ బాబాయ్‌కి వదిన. షాపుకొస్తే నన్నూ పలకరించేది. "ఏంటే, ఇవాళ ఎవరి మీద?" అని అడిగేది నా మొహం చూడగానే.

అన్నదమ్ములకి చెడి పదకొండేళ్ళయింది. నా కళ్ళముందే చెడింది. ఆ బండికి ముందు దీపాల ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. నీలం రంగుది, పదిహేను ఆంపియర్లది. మాస్టారు తమ్ముణ్ణి అడగకుండా ఆకుపచ్చది తెచ్చి పెట్టాడు, ముప్పైది. పెద్దదైతే ఎక్కువ కాలం మన్నుతుందని ఆయన లెక్క. ఫ్యూజు మన్నింది. డాష్‌బోర్డు కింద వైర్లు కరిగాయి. మా వీధి మలుపులోనే బండి నిండా పొగ. వెనక సీట్లోంచి వదిన ఆ వంగని కాలితో దిగలేక దిగలేక దిగి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని దగ్గుతోంది.

బాబాయ్ పరుగెత్తుకెళ్ళాడు. బ్యాటరీ వైరు పీకాడు. స్టీరింగు కింద పెట్టె తీసి ఆ ఆకుపచ్చ ఫ్యూజు చూశాడు. నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, ఆ రోజు వీధి వీధంతా వినేలా అరిచాడు.

"పదిహేను ఉండాల్సిన చోట ముప్పై పెడతావా? ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పిన లెక్కలు ఇవేనా? ఒకటో క్లాసు పిల్లాడు కూడా ఈ తప్పు చెయ్యడు. వదిన్ని చంపేసేవాడివి!"

చుట్టూ జనం. అందులో మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళే నలుగురైదుగురున్నారు. ఒకడు కిసుక్కున నవ్వాడు కూడా. మాస్టారు తల కొట్టేసినట్టు నిలబడ్డాడు. భార్యని ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. బండిని వేరే మెకానిక్కు వచ్చి లాక్కెళ్ళాడు. అంతే. బాబాయ్ అన్న మాటలో తప్పులేదు. అన్న చోటే తప్పు. ఈ మాట నేను ఆయనకి చాలాసార్లు చెప్పాను. "తెలుసులే" అనేవాడు. తెలిసినవాడు వెళ్ళి ఒక్క మాట చెప్పొచ్చుగా? ఊహూఁ. ఇద్దరూ ఇద్దరే. ఒకే కడుపున పుట్టిన మొండితనం.

వదిన ఉన్నన్నాళ్ళూ ఫోన్లు చేసేది. అక్కడి సంగతి ఇక్కడా, ఇక్కడి సంగతి అక్కడా ఆవిడే మోసేది. నాలుగేళ్ళ క్రితం ఆవిడ పోయింది. అంత్యక్రియల్లో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా. మాట మాత్రం లేదు. బాబాయ్ తిరిగొచ్చి షట్టరు సగం దించి లోపలే కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఫోను మోగడమే మానేసింది. మోగితే ఏదో బండి వాళ్ళు.

ఏడాది తిరిగాక, ఒక నెల మొదటి మంగళవారం, పదకొండు గంటలకి ఆ పాత ఎస్‌యూవీ వచ్చి బాబాయ్ షాపు ముందు ఆగింది. మాస్టారు దిగాడు. బాగా తగ్గిపోయాడు. తమ్ముడి మొహం చూడకుండా బండి వైపు చూస్తూ అన్నాడు.

"వెనక బ్లోయర్ తిరగట్లేదు."

బాబాయ్ కూడా బండికే జవాబు చెప్పాడు.

"చూడాలి."

గంట పట్టింది. స్టీరింగు కింద పెట్టెలో బ్లోయర్ రిలే పాడైంది. మూత ఊడదీసి, లోపల కాలి నల్లబడిన చోట్లు గీకి, మళ్ళీ పెట్టాడు. మాస్టారు స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు. బ్లోయర్ తిరిగింది. మాస్టారు వెళ్ళాడు. సరిగ్గా నెలకి, మళ్ళీ మంగళవారం, మళ్ళీ పదకొండు.

"వెనక బ్లోయర్."

"చూడాలి."

ఇలా నెలనెలా. సోమవారం సాయంత్రమే బాబాయ్ స్టూలు తుడిచిపెట్టేవాడు. మంగళవారం గడ్డం గీసుకునేవాడు. చొక్కా కూడా నూనె మరకలు లేనిది. గంటసేపట్లో వాళ్ళు అనుకునేవి నాలుగు మాటలు, అవి కూడా వైర్ల గురించి. ఆ నాలుగు మాటలతోనే నెలంతా గడుపుకొచ్చేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"బాబాయ్, మాస్టారు ఒక్కడే ఉంటాడు. వెనక సీట్లో కూర్చునేవాళ్ళెవరు? ఆ బ్లోయర్ తిరిగితే ఎంత, తిరక్కపోతే ఎంత?"

బాబాయ్ నా వైపు చురచురా చూశాడు. "అది వదిన బ్లోయర్" అన్నాడు.

తర్వాతి నెల ఆయన మళ్ళీ అదే రిలే తీసి, మళ్ళీ అదే గీకుడు మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. మాస్టారు వెళ్ళేదాకా ఆగి, వెళ్ళి నిలదీశాను.

"హారన్‌దీ దీనిదీ ఒకే రకమని నువ్వే చెప్పావు. కొత్తవి గోడకి నాలుగు వేలాడుతున్నాయి. ఒకటి పెట్టేస్తే పోయేదానికి ఆ పెద్దమనిషిని నెలనెలా ఎందుకు తిప్పుతున్నావు? ఇదేనా నీ పనితనం?"

"నీ కుట్టుపని నువ్వు చూసుకో."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు రేకు గోడ అవతల నుంచి గొంతు వినిపించింది, నా మొహం చూసి చెప్పలేక కాబోలు.

"కొత్తది వేస్తే ఐదేళ్ళు ఢోకా ఉండదమ్మాయ్."

"మంచిదేగా?"

"ఐదేళ్ళూ రాడు."

మిషను ఆపేశాను. నలభై ఏళ్ళలో ఒక్క బండిని కూడా సగం పని చేసి పంపని మనిషి. నెలకి ఒకసారి తెలిసి తెలిసి దొంగపని చేస్తున్నాడు, అన్న వచ్చి గంటసేపు స్టూలు మీద కూర్చుంటాడని. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కోపం కూడా వచ్చింది. రెండూ కలిసి వస్తే నాకు ఏం చెయ్యాలో తెలీదు, దారం తెంపి మళ్ళీ ఎక్కించాను.

ఇలాగే మూడేళ్ళు దగ్గరపడుతుండగా, ఒక మంగళవారం మాస్టారు పేపరు తెచ్చుకోలేదు. బండి మెట్టు మీద అడుగు పెట్టబోయి రెండుసార్లు తప్పాడు. పనంతా అయ్యాక, తాళాలు అరచేతిలో పెట్టుకుని చూస్తూ అన్నాడు.

"కళ్ళ డాక్టరు ఇక నడపొద్దన్నాడు. బండి అమ్మేశాను. ఎల్లుండి తీసుకెళ్తారు."

బాబాయ్ చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని గుడ్డతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"సరే" అన్నాడు.

సరే ఏంటి, సరే! గోడ ఇవతల నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. మాస్టారు ఒక్క క్షణం ఆగాడు, ఇంకేమైనా అంటాడేమోనని. బాబాయ్ స్క్రూడ్రైవరు తుడుస్తూనే ఉన్నాడు. బండి వెళ్ళిపోయింది.

కొన్నది మొక్కల నర్సరీ ఆయన. వారం తిరక్కుండా ఆ బండినే మా దగ్గరికి తెచ్చాడు. సీట్లన్నిటికీ కొత్త కవర్లు నేను కుట్టాలి, కరెంటు పనులన్నీ బాబాయ్ చూడాలి. "ఏదీ సగంలో వదలొద్దు, నాకు మళ్ళీ మళ్ళీ తిరిగే ఓపిక లేదు" అని బాబాయ్‌తో ఖచ్చితంగా చెప్పి వెళ్ళాడు.

నేను పాత కవర్లు విప్పడం మొదలుపెట్టాను. వెనక సీట్లో వదిన దిండు అలాగే ఉంది, కాలు ఆనించిన చోట గుంట పడి. తీసి పక్కన పెట్టాను. డ్రైవరు సీటు వీపు వెనక ఒక సంచిలాంటి జేబు ఉంటుంది, వెనకవాళ్ళు పుస్తకాలు గట్రా పెట్టుకునేది. దాన్ని కత్తిరించబోతే లోపల గట్టిగా ఏదో తగిలింది. చెయ్యి పెట్టి తీశాను.

చిన్న ప్లాస్టిక్ కవరు. సీలు కూడా విప్పలేదు. లోపల కొత్త రిలే. కవరుకి స్పేర్ పార్ట్స్ షాపు బిల్లు గుచ్చి ఉంది. తేదీ చూశాను. మాస్టారు మొదటిసారి వచ్చాడే, దానికి సరిగ్గా పది రోజుల తర్వాతది. కవరు మీద ఎర్ర సిరాతో, పరీక్ష పేపర్లు దిద్దే చేతిరాతతో రాసి ఉంది: వెనక బ్లోయర్. కింది వరస, ఎడమ నుంచి మూడోది.

అన్నీ తెలుసు ఆయనకి. ఏ రిలే పోయిందో తెలుసు. ఏది కొనాలో తెలుసు. ఎక్కడ గుచ్చాలో కూడా తెలుసు. పదకొండేళ్ళ క్రితం తప్పిన లెక్కని ఈసారి పూర్తిగా సరిగ్గా చేశాడు, చేసి సీటు జేబులో దాచేసి, పాడైన రిలేతోనే నెలనెలా వచ్చాడు.

కవరు తీసుకెళ్ళి బాబాయ్ చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి లాక్కుని ఎర్ర అక్షరాలు చదివాడు. బిల్లు చదివాడు. మళ్ళీ అక్షరాలు చదివాడు. తర్వాత సీలు చింపి, మోకాళ్ళ మీద వంగి, కింది వరసలో ఎడమ నుంచి మూడోది పీకి, కొత్తది గుచ్చాడు. టిక్. బ్లోయర్ ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది. బాబాయ్ వెనక తలుపు తీసి, ఎవరూ లేని సీటు మీదికి వస్తున్న ఆ గాలికి చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాతి నెల మొదటి మంగళవారం వచ్చింది. గడ్డం గీసుకున్నాడు. స్టూలు తుడిచాడు. పదకొండయింది, పదకొండున్నరయింది. రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"వెళ్ళు బాబాయ్" అన్నాను.

"ఏ పని మీద వెళ్ళను?"

అరవై నాలుగేళ్ళ మనిషికి, సొంత అన్న ఇంటికి వెళ్ళడానికి పని కావాలట. లోపలికెళ్ళి వదిన దిండు తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాను. మొదట్నుంచీ అందుకే దాచాను దాన్ని.

"ఇది బండిలో ఉండిపోయింది. ఇచ్చి రావాలి. ఇదే పని. ఎక్కు స్కూటరు."

మాస్టారి ఇల్లు మేడ మీద, రెండు గదులు. తలుపు తట్టాము. లోపల వంటింట్లో దీపం వెలుగు నడవలోకి పడుతోంది. ఆ వంటింటికి కిటికీ లేదు, పగలు కూడా దీపం ఉండాల్సిందే. మాస్టారు తలుపు తీసి, కళ్ళు చికిలించి, ముందు నన్ను పోల్చుకున్నాడు. తర్వాత తమ్ముణ్ణి.

"బండి లేదుగా" అన్నాడు.

"లేదు" అన్నాడు బాబాయ్. "దిండు ఉండిపోయింది."

మాస్టారు దిండు అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. గదిలో రెండు కుర్చీలు. రెండోదాని మీద నడుం ఎత్తున పాత పేపర్లు. అవి తీసి కింద పెడితే దుమ్ము లేచింది. ఎన్నాళ్ళయిందో దాని మీద మనిషి కూర్చుని. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"బండి ఎలా ఉంది?"

"బాగుంది. వెనక బ్లోయర్ బాగా తిరుగుతోంది. కొత్త రిలే వేశాను."

మాస్టారి చేతులు దిండు మీద ఆగిపోయాయి. ఏ రిలేనో అర్థమైంది ఆయనకి. ఇద్దరూ నేలకేసి చూశారు. ఇంతకాలం వాళ్ళ మధ్య ఒక బండి ఉండేది, దాని గురించి నాలుగు మాటలుండేవి. ఇప్పుడు అదీ లేదు. గోడ గడియారం ఒకటే చప్పుడు. ఎవరో ఒకరు నోరు విప్పండర్రా అని అరవాలనిపించింది. పది నిమిషాలయ్యాక బాబాయ్ లేచాడు.

"వస్తాను."

"ఉండు, మంచినీళ్ళు తాగి వెళ్ళు."

మాస్టారు గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళకి అంతసేపా అనిపించింది. స్టూలు జరిగిన చప్పుడైంది. నడవలో వెలుగు పోయింది. కాసేపటికి ఒకే ఒక్క గ్లాసుతో వచ్చాడు, సగం నీళ్ళు చేతి మీదే ఒలికాయి.

"వంటింట్లో దీపం వెలగట్లేదు" అన్నాడు, గ్లాసుకేసి చూస్తూ.

"చూడాలి" అన్నాడు బాబాయ్.

వెళ్ళి చూశాము. స్టూలు సరిగ్గా దీపం కిందే ఉంది. బాబాయ్ ఎక్కాడు, నేను పట్టుకున్నాను. బల్బు హోల్డరులో సగం తిప్పి వదిలేసి ఉంది, వేలాడుతోంది. బాబాయ్ దాన్ని పట్టుకోబోయి చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకా కాలుతూనే ఉంది. పైన ఏళ్ళనాటి దుమ్ము, ఆ దుమ్ములో తాజాగా అయిదు వేళ్ళ గుర్తులు. కళ్ళు సరిగా కనపడని మనిషి ఈ స్టూలెక్కాడు! తిట్టబోయాను. బాబాయ్ మొహం చూసి ఊరుకున్నాను.

ఒక్క తిప్పు తిప్పితే అయిపోయే పని. ఆయన తిప్పలేదు. బల్బుని పూర్తిగా ఊడదీసి, కింద పడకుండా గూట్లో పెట్టి, దిగాడు.

"హోల్డరు పోయినట్టుంది. వైరింగంతా పాతది. ఒక్క రోజులో తేలేది కాదన్నయ్యా."

మాస్టారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నయ్యా అన్న మాట వినగానే గుమ్మాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చే మంగళవారం?"

"రేపే వస్తాను. చీకట్లో వంటెలా చేసుకుంటావు?"

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనక బాబాయ్ కాలిన వేళ్ళు ఊదుకుంటూ కూర్చున్నాడు. మలుపు దగ్గర కరెంటు సామాన్ల షాపు కనపడితే, ఆపనా, కొత్త హోల్డరు కొంటావా అని అడిగాను.

"వద్దమ్మాయ్, పోనీ" అన్నాడు బాబాయ్.